అరుగు అరుగుకీ తువ్వాలు

మా మరిది పోయాడని తెల్లారగానే అతని కోడలు వచ్చి చెప్పింది. నాకు ముందు కొండే గుర్తొచ్చింది. ఎక్కడినుంచి పడ్డాడే అని అడిగాను. పడలేదు పెద్దత్తా, మంచం మీదే, నిద్రలోనే అంది. ఇన్నాళ్ళూ నేను కాపలా కాసింది ఒక వైపు, చావు వచ్చింది ఇంకో వైపు.

సాలూరు లారీల మీద బతికిన మనిషి. లోడు మీద తాడు బిగించిన చెయ్యి. లారీ మానేశాక, మా ఊరి వెనక రాతికొండ ఎక్కడానికి పట్నం నుంచి వచ్చే కుర్రాళ్ళతో కలిశాడు. ఒక్క తాడుకి అందే కొండ కాదది. తాడు ఉన్నంత మేర ఒకరు ఎక్కి, అరుగులా ఉన్న రాతి మీద నిలబడి, కిందవాళ్ళని ఒక్కొక్కరినే రప్పించుకుంటారు. మళ్ళీ అక్కడినుంచి పైకి. నడుముకి వాళ్ళు బెల్టు తగిలించిన రోజున, "ఇన్నాళ్ళు నాను లోడు కట్టేను, ఇప్పుడు నన్నే లోడు కట్టేసేరొదినా" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. వెళ్ళి కొండ కింద రాయి మీద కూర్చునేదాన్ని. నా గోల పడలేక ఒక ఏర్పాటు చేశాడు. ప్రతి అరుగు మీదా ఎక్కినవాళ్ళందరూ తెల్ల తువ్వాలు ఊపాలి. "తువ్వాలు కనపడిందంటే నీ మరిది ఉన్నట్టే. మద్దిలో గుండె పట్టుకోకు" అనేవాడు. మధ్యలోనే కదా గుండె పట్టుకునేది. దిగిరాగానే నా దగ్గర చోడంబలి తాగాకే ఇంటికి పోయేవాడు. మా ఆయన పోయాక నా భయాన్ని భయంగా విన్నవాడు అతనొక్కడే. మిగతావాళ్ళకి అది ముసలిదాని సణుగుడు.

కొండకి దారి ఒకాయన జీడితోటలోంచి. ఎవరో కొమ్మలు విరిచి, సీసాలు పారేసి పోయారని ఆయన కంచె వేసి గేటుకి తాళం పెట్టాడు. మరిది వెళ్ళి, పూత మీద చెయ్యి పడకుండా గట్టు వెంటే నడుస్తామని మాటిచ్చాడు. నువ్వు ముందుంటేనే తాళం తీస్తాను, లేకపోతే లేదు అన్నాడాయన.

దినాలు అయ్యాక ఆ కుర్రాళ్ళలో ఇద్దరు వచ్చారు. అతన్ని తలుచుకుని ఒకసారి ఎక్కుతామన్నారు. గేటు దాకా నేనూ వాళ్ళ వెంట వెళ్ళాను. తోటాయన ఒప్పుకోలేదు. పూచీ పడ్డ మనిషే లేడుగా అన్నాడు. వాళ్ళు తాళ్ళు భుజాన వేసుకుని వెనక్కి తిరిగారు. ఆ గేటు ఎన్నటికీ తెరుచుకోకూడదని ఎన్నిసార్లు మొక్కుకున్నానో. అలాంటిది నా నోట్లోంచే ఆ మాట వచ్చింది.

"ఆల పూసీ నాది. ముందు నాను నడుస్తాను. పూత రాలితే నన్నడుగు."

తోటాయన నా కాళ్ళ వంక చూశాడు. "గట్టు మీద నడవగలవేటి అప్పా?" అన్నాడు. తాళం తీశాడు.

ఒక్కో అడుగూ చూసుకుంటూ నడిపించి, నా రాయి మీద కూర్చున్నాను. చాలాసేపటికి మొదటి అరుగు మీద తువ్వాళ్ళు ఊగాయి. రెండు. ఎక్కింది ఇద్దరేనని నాకు తెలుసు. అయినా కళ్ళు పక్కనున్న ఖాళీ రాతి మీదకే పోయాయి.

ఎండ నెత్తి మీదకొచ్చేసరికి వాళ్ళు పై అరుగు చేరారు. రెండు తువ్వాళ్ళూ ఊగి ఆగిపోయాయి. ఒళ్ళో అంబలి గిన్నె పెట్టుకుని నేను ఇంకా చూస్తూనే ఉన్నాను.