మొక్కజొన్న పిండీ, మొలవని గడ్డీ

ఆ రోజుల్లో కెనడాలోని గ్వెల్ఫ్‌లో అద్దెకు గది దొరకాలంటే బ్యాంకు స్టేట్‌మెంట్లు ఒక్కటే చాలవు, ఇంటివాళ్ళకు నచ్చే ప్రత్యేకత ఏదో ఒకటి ఉండాలి. ప్రతి సెమిస్టర్‌కీ విమానాల నిండా మావాళ్ళు దిగుతున్న కాలం. ఒక్కో బేస్‌మెంట్ కోసం పదిమంది ఫోన్లు చేసేవాళ్ళు. కొందరు వంట వచ్చని చెప్పుకునేవాళ్ళు, కొందరు మంచు ఎత్తుతామనేవాళ్ళు. నాకు రెండూ అంతంతమాత్రమే. జనవరిలో ఒక ఇంటి గుమ్మంలో బూట్లు విప్పాలో వద్దో తెలియక నిలబడి ఉంటే, ఇంటావిడ "ఇండియాలో ఏం చదివావు బాబూ?" అని అడిగారు. "బీఎస్సీ అగ్రికల్చర్ ఆంటీ" అన్నాను. ఆవిడ వెంటనే లోపలికి తిరిగి, "ఏవండీ, ఈ అబ్బాయి అగ్రికల్చరంట. మన లాన్ సంగతి చూస్తాడు" అని భర్తకు చెప్పారు. లాన్ ఎక్కడుందో నాకు కనిపించలేదు. ఇంటి ముందూ వెనకా మోకాలి లోతు మంచు ఉంది. అయినా "తప్పకుండా చూస్తా ఆంటీ" అన్నాను. గది నాదైంది.

నిజానికి నాలుగేళ్ళ చదువులో గడ్డి గురించి నేను నేర్చుకున్నది ఒక్కటే, దాన్ని ఎలా చంపాలన్నది. వరిలో ఊద, పత్తిలో గరిక, వీటిని నిర్మూలించే పద్ధతులు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి (పక్క బెంచీ మిత్రుడి సహకారం కొంత ఉంది). గడ్డికి ఎరువు వేసి, నీళ్ళు పెట్టి, వారం వారం క్షవరం చేసే దేశం ఒకటి ఉందని మా సిలబస్‌లో ఎక్కడా లేదు. పైగా గ్వెల్ఫ్‌లో నేను చదువుతున్నది సప్లై చైన్ మేనేజ్‌మెంట్. ఇవేవీ అంకుల్‌కి అడ్డు కాలేదు. ఆయన గుంటూరు వైపు మనిషి, అమెరికాలో కొన్నేళ్ళుండి ఇటు వచ్చిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏ పనికైనా ఒక నిపుణుడుంటాడని, ఆ నిపుణుడి మాట వింటే చాలని నమ్మేవారు. నేను డస్ట్‌బిన్ బయట పెడుతుంటే కూడా వీధిలో ఎదురైన వాళ్ళకు "మా అగ్రికల్చర్ సైంటిస్టు" అని పరిచయం చేసేవారు. ఒకటి రెండుసార్లు మొహమాటపడ్డాను. తర్వాత అలవాటైపోయింది. ఇంకా తర్వాత, అది నిజమేనేమో అనిపించడం మొదలైంది.

ఏప్రిల్‌లో మంచు కరిగాక లాన్ బయటపడింది. పాత బొంతలా ఉంది. కొన్నిచోట్ల గోధుమరంగు, కొన్నిచోట్ల బూజు పట్టినట్టు తెలుపు, శీతాకాలమంతా ఉప్పు చల్లిన డ్రైవ్‌వే పక్కన ఒట్టి మట్టి. మే నెల రాగానే దాని మీద పసుపుపచ్చని పూలు పుట్టుకొచ్చాయి. నాకవి ఎంతో అందంగా కనిపించాయి. ఫోటో తీసి ఇంటికి కూడా పంపాను. అంకుల్ మాత్రం కిటికీలోంచి వాటిని చూసి, "డాండెలియన్లు. ఇవి గింజ కట్టి ఎగిరిపోతే పక్కింటావిడ మనతో మాట్లాడదు" అన్నారు. అప్పుడు ఆంటీ అసలు విషయం చెప్పారు. జూన్‌లో వాళ్ళ నాన్నగారు వస్తున్నారు. ఈ మధ్యే రెండు కళ్ళకూ శుక్లాలు తీశారు. పొద్దున్నే చెప్పుల్లేకుండా పచ్చగడ్డి మీద నడిస్తే కళ్ళకు చలవని ఆయన నమ్మకం. ఊళ్ళో అపార్ట్‌మెంట్ చుట్టూ సిమెంటు తప్ప ఏమీ లేదట. "కెనడాలో మా ఇంట్లో బోలెడు గడ్డి ఉంది నాన్నా, రోజూ నడుద్దువుగాని అని చెప్పాను. ఆయన నడిచేలా చెయ్యి బాబూ" అన్నారు ఆంటీ. "నేను చూసుకుంటా ఆంటీ" అన్నాను. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఆ శనివారం అంకుల్ నన్ను కారులో దుకాణానికి తీసుకెళ్ళారు. కలుపు మందు కావాలని, నాకు తెలిసిన రెండు మూడు మందుల పేర్లు చెప్పాను. కౌంటర్ దగ్గరి పెద్దావిడ నన్ను ఒకసారి, నా వెనక నిలబడ్డ అంకుల్‌ని ఒకసారి చూసి, ఇంటి లాన్ల మీద ఆ మందులు కొట్టడం ఇక్కడ కుదరదని మెల్లగా చెప్పింది. డాండెలియన్లను చేత్తో పీకాలట. కొత్త కలుపు రాకుండా ఉండాలంటే ఇది చల్లుకోవచ్చని ఒక సంచి చూపించింది. లోపల పసుపుపచ్చని పొడి. మొక్కజొన్న నుంచి తీసిందట, గడ్డికి బలం కూడా ఇస్తుందట. ఆవిడ ఇంకా ఏదో చెప్పబోతుంటే నేను తల ఊపేశాను (వ్యవసాయం చదివినవాడికి మొక్కజొన్న పిండి గురించి ఒకరు చెప్పాలా అని). దాంతోపాటు గడ్డి విత్తనాలు రెండు సంచులు కొన్నాం. ఇంటికొచ్చి నేల గీకాను, విత్తనాలు చల్లాను, పైన పిండి చల్లాను, నీళ్ళు పెట్టాను. పిండి కాస్త మిగిలితే వేస్ట్ చేయడం ఎందుకని ఒట్టి మట్టి ఉన్న చోట రెండోసారి కూడా చల్లాను. పిండి సంచిని తిప్పి వెనక చూశాను. అక్కడున్నది ఫ్రెంచి. చదివినట్టే ముఖం పెట్టి గరాజ్‌లో పెట్టేశాను.

వారం గడిచింది, రెండు వారాలు గడిచాయి. అంకుల్ ఆఫీసు మీటింగులకు ముందొకసారి, తర్వాతొకసారి పైపు పట్టుకుని నీళ్ళు పెట్టేవారు. గడ్డి మాత్రం రాలేదు. "చలి ఇంకా పోలేదు అంకుల్" అన్నాను. ఎండలు వచ్చాయి. "పిట్టలు తింటున్నట్టున్నయి" అన్నాను. అంకుల్ ఆన్‌లైన్‌లో వల తెప్పించి కప్పారు. అప్పుడూ రాలేదు. ఇక మిగిలింది విత్తనాలు. "నాసిరకం విత్తనాలై ఉంటాయి అంకుల్" అని నిపుణుడి గొంతుతో చెప్పేశాను. అంతలో ఆంటీ వాళ్ళ నాన్నగారు దిగారు.

ఆయన నలభై ఏళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పిన మాస్టారు. సన్నటి మనిషి, నల్లకళ్ళద్దాలు, మెడలో ఒక మఫ్లర్. మర్నాడు పొద్దున్నే చెప్పులు విప్పి పెరట్లోకి దిగి, వల కప్పిన బురద ముందు ఆగిపోయారు. నేను బేస్‌మెంట్ కిటికీలోంచి ఆయన పాదాలు చూస్తూ ఉన్నాను. ఆ కిటికీలోంచి పాదాలే కనిపిస్తాయి. అవి చాలాసేపు కదలలేదు. సిగ్గేసి పైకి వెళ్ళాను. తిడతారనుకున్నాను. ఆయన మాత్రం వంగి, చిటికెడు మట్టి తీసి వాసన చూసి, "ఏమయ్యా, ఇందులో ఏమేం వేశావు?" అని అడిగారు. చెప్పాను. "మరి ఎందుకు మొలవలేదంటావు?"

"విత్తనాలు మంచివి కావు మాస్టారూ."

"అది నీ అభిప్రాయం. గింజ ఏమంటుందో కనుక్కుందాం" అన్నారాయన, అదేదో ఫోన్ చేసి అడిగే పనైనట్టు.

ఆంటీ పార్టీలకు వాడే అల్యూమినియం ట్రేలు రెండు మాస్టారు తెచ్చి, నాచేత కొత్త మట్టి నింపించారు. రెండింట్లోనూ అవే విత్తనాలు వేయించారు. ఒకదాంట్లో మాత్రమే సంచి అడుగున మిగిలిన పిండి చల్లించారు. రెండూ నా గది కిటికీ కింద పెట్టాం. రోజూ పొద్దున్నే ఆయన మెట్లు దిగి వచ్చేవారు, నేను లేచి ఉన్నా లేకపోయినా. "లే నాయనా, ఐదో రోజు" అనేవారు. మొదట్లో ఆయన్ని సంతోషపెట్టడానికి చూసేవాణ్ణి. ఏడో రోజుకి నాకూ ఆత్రం పట్టుకుంది. క్లాసులో కూర్చుని కూడా ట్రేల గురించే ఆలోచన. తొమ్మిదో రోజున పిండి చల్లని ట్రేలో పసిపిల్ల జుట్టులా సన్నగా పచ్చదనం. పిండి చల్లినదాంట్లో అక్కడక్కడా తెల్లని మొలకలు వచ్చి, ఒక పూట నీళ్ళు ఆపగానే వాలిపోయాయి. మాస్టారు భూతద్దం తెప్పించి ఒక మొలకను లాగి నా అరచేతిలో పెట్టారు. "చూడు. మొలక వచ్చింది. దీనికి వేరు ఏదీ?"

వేరు లేదు. ఆ పిండి చేసే పని అదే. మొలకెత్తే ఏ గింజకూ వేరు పట్టనివ్వదు. దానికి కలుపు గింజ, గడ్డి గింజ అనే తేడా తెలియదు. ఆంటీ వాళ్ళ నాన్నగారి గడ్డిని నేనే స్వహస్తాలతో, రెండు పొరలుగా ఆపేశాను. నవ్వాలో ఏడవాలో తెలియలేదు గాని, విచిత్రంగా సంతోషం కూడా వేసింది. నాలుగేళ్ళ డిగ్రీలో ఒక్క విషయం కూడా నేను ఇలా నా కళ్ళతో తెలుసుకోలేదు. మాస్టారు భూతద్దం జేబులో వేసుకుని, "నేను పైన ఎవరికీ చెప్పను. చెప్పాల్సింది నువ్వు" అని మెట్లెక్కారు.

రెండు రోజులు చెప్పలేకపోయాను. అంత నమ్మిన మనిషి ముందు తలెత్తుకోవడం ఎలా అన్నది ఒకటి, గది పోతే ఎక్కడికెళ్ళాలన్నది ఇంకొకటి. మూడో రోజు భోజనానికి పిలిచారు. అంకుల్ లాప్‌టాప్ టేబుల్ మీదే పెట్టుకుని, "విత్తనాల కంపెనీకి కంప్లయింట్ రాశాను. వినండి" అని చదవడం మొదలుపెట్టారు. మా ఇంట్లో ఉన్న వ్యవసాయ శాస్త్రవేత్త ఈ విత్తనాలు నాసిరకమని నిర్ధారించారు, అని ఉంది అందులో. ఇంకా ఫోటోలు జత చేశారు. ఆయన వేలు సెండ్ బటన్ వైపు వెళ్తుంటే "అంకుల్, పంపకండి" అన్నాను. "విత్తనాలు మంచియే. తప్పు నాది. నాకు గడ్డి గురించి ఏం తెల్వదు అంకుల్."

మొత్తం చెప్పాను, మొదటి రోజు గుమ్మంలో అన్న మాట దగ్గర్నుంచీ. అంకుల్ లేచి గరాజ్‌లోకి వెళ్ళి ఆ సంచి పట్టుకొచ్చారు. పిండి చల్లాక ఆరు వారాలదాకా విత్తనాలు వేయరాదని పెద్ద అక్షరాల్లో ఉన్నది పైకి చదివారు. "ఇది చూడలేదా?"

"వెనక ఫ్రెంచి ఉంది అంకుల్."

ఆయన సంచిని ఒకసారి తిప్పి, మళ్ళీ తిప్పి, "ఇంగ్లీషు ఇటుంది బాబూ" అన్నారు. మొదట నవ్వింది ఆంటీ. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మరీ నవ్వారు. మాస్టారు పప్పన్నం కలుపుకుంటూ, "వాడు నెల రోజులు గడ్డి మొలవకుండా కష్టపడ్డాడమ్మా. అది కూడా అందరివల్లా కాదు" అన్నారు. అంకుల్ కంప్లయింట్ డిలీట్ చేశారు. ఆ రోజు పప్పులో వేసింది పాలకూర కాదని, మాస్టారు పెరట్లో పీకిన లేత డాండెలియన్ ఆకని నాకు తిన్నాక చెప్పారు. కొంచెం చేదుగా, బాగానే ఉంది.

ఆగస్టు చివర్లో ఎండ తగ్గి, నేలలో వెచ్చదనం ఇంకా మిగిలి ఉన్నప్పుడు మాస్టారూ నేనూ మళ్ళీ వేశాం. ఈసారి సంచుల మీద ఉన్నదంతా ఆయన నాచేత పైకి చదివించారు. నేల గుల్ల చేసి, విత్తనాలు చల్లి, పైన పల్చగా కంపోస్టు వేసి, రోజుకు రెండుసార్లు జల్లులా తడిపాం. పదో రోజుకి పెరడంతా పచ్చగా మసక కమ్మింది. సెప్టెంబరు చివర ఆయన తిరుగు ప్రయాణానికి వారం ముందు మొదటిసారి కోశాం. ఆ వారమంతా ఆయన పొద్దున్నే పంచె పైకెత్తి పట్టుకుని, పైన స్వెట్టరు, మఫ్లరు, కింద ఒట్టి పాదాలతో మంచు తడిలో నడిచారు. "చల్లగా ఉందా మాస్టారూ?" అని అడిగితే "కళ్ళకు బాగుంది గాని కాళ్ళకు బాగోలేదయ్యా" అన్నారు. అయినా ఒక్క రోజూ మానలేదు.

ఇప్పుడు వాన్ అనే ఊళ్ళో ఉంటున్నాను, ఒక గోదాములో సరుకు లెక్కలు చూసే ఉద్యోగం. ఇంటి ముందు దుప్పటంత లాన్ ఉంది. మొన్న పాత ఫోన్‌లో ఫోటోలు సర్దుతుంటే ఆ మే నెల శనివారం అంకుల్ తీసిన ఫోటో ఒకటి కనిపించింది. చలికోటులో నేను, ఒక చేత్తో దంతె, ఒక చెయ్యి నడుం మీద, ఒక పాదం విత్తనాల సంచి మీద. వెనక బురద తప్ప ఏమీ లేదు. కింద నేను అమ్మకు పంపిన మెసేజ్: 'గడ్డి వేసిన.' దానికి అమ్మ జవాబు: 'గడ్డి ఏది బిడ్డా?' మళ్ళీ నేను: 'రెండు వారాల్ల వస్తది, చూడు.' ఇరవై మూడేళ్ళ ఆ ముఖంలో సందేహం అనేది వెతికినా దొరకలేదు. అంత ధీమాగా నేను మళ్ళీ ఏ ఫోటోలోనూ నిలబడలేదు. ఆ కుర్రాణ్ణి చూసి కాసేపు నవ్వుకున్నాను, కొంచెం అసూయపడ్డాను కూడా.