నాజూకు భాయ్ నెత్తురు

ఆ రోజుల్లో నేను పోగొట్టుకున్నవన్నీ ఇప్పుడు కూడితే ఇలా తేలుతుంది: తొమ్మిది కిలోల బరువు, ఒక నెల డ్యూటీ, తల మీద పావు వంతు జుట్టు (మళ్లీ మొలిచింది, తర్వాత వయసు తీసుకుపోయింది), ఇంటి నుంచి తెచ్చిన సకినాల డబ్బా (నేను ఆసుపత్రిలో ఉండగా గదివాళ్లు ఖాళీ చేశారు), ఇంకా ఒక గొప్ప.

ఆ గొప్ప మలేరియా గురించి. మాది ఆసిఫాబాద్ వైపు అడవి అంచు ఊరు. పదేళ్లు నిండేలోపు నాకు చలిజ్వరం ఏడుసార్లు వచ్చింది. మొదటిసారి అమ్మ నా మీద ఆశ వదులుకుంది. ఏడోసారి పొద్దున పడుకుని సాయంత్రం గోళీలాడాను. దీన్నిబట్టి నేనే ఒక లెక్క కట్టాను: ప్రతి జ్వరమూ ఒంట్లో కొంత బలం జమ చేస్తుంది, నా జమ నిండిపోయింది, ఇక దోమ నన్నేమీ చేయలేదు. రియాద్‌లో సులై గోదాముల పక్క మా పనివాళ్ల క్యాంపుకు ఎవరు కొత్తగా వచ్చినా ఈ లెక్క వినక తప్పేది కాదు. అందరికంటే ఎక్కువ విన్నవాడు నా కింది మంచం హైదరాబాద్ పిల్లవాడు. దోమలు కనబడని ఆ ఎండల్లో కూడా చేతులకు దోమల మందు పూసుకుని పడుకునేవాడు గనుక అతనికి నాజూకు భాయ్ అని పేరు పెట్టాను. నన్ను చూస్తే దోమ దండం పెట్టి పోతుందని నేనంటే, "దండం పెట్టుకుంటనే కుడుతదే అన్నా" అనేవాడు.

అమ్మ ఇచ్చిన దోమతెర నాకు మంచం చుట్టూ పరదా అయింది (క్యాంపులో మంచానికి కట్టిన గుడ్డే మన గోడ). ఐదేళ్ల తర్వాత మొదటి సెలవుకు బయలుదేరుతుంటే నాజూకు భాయ్ దాన్ని విప్పి నా సంచిలో పెట్టాడు. నేను తీసి మళ్లీ కట్టేశాను. లేకపోతే నా చోటు ఇంకొకడు ఆక్రమిస్తాడు కదా. అలా దోమతెర దోమల్లేని చోట కాపలా ఉంది, నేను వానాకాలమంతా ఊళ్లో అరుగు మీద ఒళ్లప్పగించి పడుకున్నాను.

తిరిగొచ్చిన రెండో వారం చలి పట్టుకుంది. ఎనిమిదోది, తేలిగ్గా పోతుందని మాత్ర వేసుకుని డ్యూటీకి పోయాను. మూడో రోజుకు మా ముదీర్‌ను, అంటే మేనేజరును, అమ్మా అని పిలుస్తున్నానట. నాజూకు భాయ్ నన్ను వీపు మీద ఎత్తుకుని, "లెక్క తర్వాత చూద్దామన్నా, ముందు నడు" అని టాక్సీ ఎక్కించాడు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ హిందీలో విడమరిచి చెప్పింది. జమ అబద్ధం కాదు. చిన్నప్పటి జ్వరాలు ఒంటికి ముందు ప్రాణం కాపాడుకోవడం నేర్పుతాయి, తర్వాత తర్వాత జ్వరమూ తేలికవుతుంది. కానీ దోమ కుడుతూ ఉంటేనే ఆ చదువు నిలుస్తుంది. ఏళ్ల తరబడి దూరమైతే చాలావరకు చెరిగిపోతుంది. "ఏడుసార్లూ బతికావు గనుక దాన్ని బలం అంటున్నావు" అంది. నాతో గోళీలాడి, అదే జ్వరానికి పోయిన ఇద్దరు గుర్తొచ్చారు.

నెత్తురు బాగా పడిపోయింది, ఎక్కించకపోతే నిలవనన్నారు. మా జిల్లావాళ్లు వరుసకట్టి వచ్చారు. మలేరియా వచ్చిందా, ఈమధ్య ఊరికి పోయారా అని అడిగి ఒక్కొక్కరినీ వెనక్కి పంపారు. చలిజ్వరం ఎరగనివాడు, నాలుగేళ్లుగా ఇంటిముఖం చూడనివాడు ఒక్కడే మిగిలాడు. నాజూకు భాయ్ సూదంటే భయపడుతూనే కళ్లు గట్టిగా మూసుకుని చెయ్యి చాపాడు.

ఇప్పుడు నాజూకు భాయ్‌కి రియాద్‌లోనే మలాజ్‌లో ఫోన్ల దుకాణం ఉంది. అతని పేరున నెత్తురిద్దామని రెండుసార్లు పోయాను. మలేరియా మాట వినగానే వద్దన్నారు. శుక్రవారం కలిసినప్పుడల్లా ఆ మాటెత్తితే, "నాకు గా అవసరం రావొద్దని మొక్కుకోరాదే" అని చాయ్ గ్లాసు నా వైపు జరుపుతాడు. మొక్కుకుంటూనే ఉన్నాను. లెక్కలో మాత్రం నెత్తురు బాకీ ఈనాటికీ అలాగే ఉంది: ఒక సీసా.