గార్డు మీది గీత

మొన్న మా అమ్మాయి బండికి తుప్పు పట్టిన బోల్టు ఒకటి ఊడి రాకపోతే, ఎక్కడో దాచిన సీసా వెతికి నాలుగు చుక్కల కిరోసిన్ పోశాను. ఆ వాసన ముక్కుకు తగలగానే ధర్మవరంలో రంగమ్మ పెద్దమ్మ ఇంటి పంచ కళ్ల ముందుకొచ్చింది. ఆమె గుర్తొస్తే నాకు ముందు నవ్వే వస్తుంది.

ఎనభైల మొదట్లో పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి, ఆమె ఇంట్లో ముందుగది అద్దెకు తీసుకున్నాను. లోపలి గదిలో ఆమె పట్టుచీరల మగ్గం. తెల్లవారిన దగ్గర్నుంచి దాని చప్పుడు ఆగేది కాదు. నేను సూదులేసేవాణ్ణే కానీ డాక్టర్ని కాదని ఎన్నిసార్లు చెప్పినా 'డాక్టరప్పా' అనే పిలిచేది. అందులో గౌరవమెంతో వెటకారమెంతో నాకిప్పటికీ తెలియదు. గొర్రెలకు టీకాలు వేయడానికి పల్లెలు తిరగాలి గనుక పాత మోటారుసైకిలు ఒకటి కొన్నాను. ఒకరోజు గరుసు రోడ్డు మీద మంద అడ్డమొస్తే బ్రేకు వేసి, బండితో సహా పడ్డాను. ఇంజిను కింద నా కుడికాలు. ఎముక విరగలేదు కానీ పదిహేను రోజులు మంచం దిగలేదు. గొర్రెలకేమీ కాలేదని పెద్దమ్మ వీధంతా చెప్పి వచ్చింది.

కాలు నయమైంది, భయం పోలేదు. పంచలో బండి కనబడితే చుట్టు తిరిగి పోయేవాణ్ణి. బండెక్కని కాంపౌండరు పల్లెలకు పనికిరాడు. ఆఫీసులో కూర్చునే పనికి మార్చమని అర్జీ రాసి పెట్టుకున్నాను. మందల మధ్య తిరిగే పని నాకు ప్రాణం, రాస్తూనే ఏడ్చాను. సంగతి విని పెద్దమ్మ ఒకటే అంది: "పడినా కాలు నలగకుండా బండికి ముందర ఇనుప గార్డు తగిలిస్తారంట కదప్పా. అది తగిలించి ఒకతూరి ఎక్కి చూడు. అప్పుడు కూడా భయమయితే ఆ కాగితం నేనే పోస్టులో ఏసొస్తా."

అనంతపురం పోయి గార్డు కొని బస్సు టాపు మీద తెచ్చాను. మెకానిక్కు దాకా బండి నడుపుకుంటూ పోయే ధైర్యం లేదు, తోసుకుంటూ పోతే నలుగురూ నవ్వుతారు. అందుకని పంచలోనే మొదలుపెట్టాను. ఇంజిను కింది బోల్టులకు కిరోసిన్ పోసి విప్పి, గార్డు అడుగు భాగాన్ని అక్కడ కూర్చోబెట్టి, భయం కొద్దీ శక్తంతా పెట్టి బిగించేశాను. తీరా చూస్తే గార్డు పైపట్టీ బండి చట్రానికి రెండు వేళ్ల దూరంలో నిలబడింది. లాగాను, తోశాను, చివరికి సుత్తి అందుకున్నాను. నాలుగో దెబ్బకు లోపల మగ్గం ఆగింది. పనిరోజున ఆ ఇంట్లో మగ్గం ఆగడం చిన్న సంగతి కాదు.

పెద్దమ్మ వచ్చి గార్డును ఆ పక్కా ఈ పక్కా చూసింది. "ముందే బిగదీసి ఇప్పుడు కొడితే ఏమొస్తాదప్పా? మగ్గానికి పడుగు దారాలు ఎక్కించేటప్పుడు ఒక పక్క గుంజి కట్టేస్తే రెండో పక్క వంకర పోతాది. అన్నీ వదులుగా తగిలించు. అన్నీ కుదురుకున్నంక ఈడ రోంత, ఆడ రోంత బిగించుకుంటా రా."

పుట్టి బుద్ధెరిగి పానా పట్టని మనిషి. అయినా చెప్పినట్టే కింద వదులు చేశాను. పైపట్టీ వచ్చి దాని చోట్లో కూర్చుంది. ఆమె గార్డు పట్టుకుని ఏ పక్క ఎంత తిప్పాలో చెబుతుంటే నేను తిప్పాను. గార్డుకు పసుపు కుంకుమ పెట్టి, కొంగు నడుముకు దోపుకుని, "ఎక్కు. నేనూ ఎనక కూచుంటా" అంది. యాభై దాటిన మనిషి, మోటారుసైకిలు ఎక్కడం అదే మొదలు. బస్టాండు దాకా పోయి వచ్చేలోపు నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందంటే, నాకు భయపడే తీరికే దొరకలేదు. దిగాక అర్జీ అడిగి తీసుకుని, చింపి పొయ్యిలో వేసింది.

నెల తిరక్కముందే మళ్లీ పడ్డాను, అదే రోడ్డులో. ఈసారి లేచి నిలబడి, కాలు తడిమి చూసుకుని, ఒంటరిగా పిచ్చివాడిలా నవ్వాను. గార్డు మీద మాత్రం జానెడు గీత. రంగు వేయబోతే పెద్దమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఉండనీప్పా. అది నీ కాలి మీద పడాల్సిన గీత."

ఏ పని మొదలుపెట్టినా ఇప్పటికీ అన్నీ కుదురుకునేదాకా దేన్నీ గట్టిగా బిగించను. బండి అమ్మినప్పుడు గార్డు మాత్రం విప్పుకున్నాను. కొన్నవాడు నన్ను వింతగా చూశాడు. అదిప్పుడు మా పెరటి గోడకుంది, దాని మీద తువ్వాళ్లు ఆరేస్తారు. మందల వెంట ముప్ఫై ఏళ్లు తిరిగిన ఈ కుడికాలితో రోజూ పొద్దున అక్కడికి నడిచిపోయి, ఆ గీత మీద ఒకసారి చెయ్యి పెడతాను.