కొర్రమీను పాఠం చెప్పిన టీచరుగారు

మా మూడో తరగతి టీచరుగారు పోయారు. ఆమె కోడలు ఫోన్ చేసేసరికి నేను అవనిగడ్డ బస్టాండులో ఉన్నాను. “అత్తయ్యగారు నిద్రలోనే వెళ్ళిపోయారండీ,” అంది. ఎక్కాల్సిన బస్సు వదిలేసి, వాళ్ళిప్పుడు ఉంటున్న బందరుకు బస్సెక్కాను. ఊళ్ళో ఉన్న నాన్నకు చెబితే, “నేనూ వస్తున్నా,” అన్నాడు.

ముదినేపల్లి దగ్గర మా ఊరి బడికి ఆమె రోజూ గుడివాడ నుంచి బస్సులో వచ్చేవారు. జంతువుల పాఠం ఏదైనా పుస్తకంతో మొదలుపెట్టి ఆరుబయట ముగించేవారు. ఈనిన మేక దగ్గరికో, పొదిగే కోడి దగ్గరికో తీసుకెళ్ళి దూరంగా నిలబెట్టేవారు. “దాని పని అది చేసుకుంటోంది. మనం చూడ్డానికొచ్చాం, అంతే,” అనేవారు మెల్లగా. మేం ఏ చిక్కు ప్రశ్నో వేస్తే తడుముకునేవారు కాదు. “నాకు తెలీదర్రా, కనుక్కుని చెబుతా.” మర్నాడు మేం మర్చిపోయినా ఆమె మర్చిపోయేవారు కాదు.

ఆ ఏడాదే మా అమ్మ జ్వరంతో పోయింది. నాన్న చేపల చెరువు దగ్గర కాపలా ఉండేవాడు. వంట వచ్చేది కానీ, నాకు జడ వేయడం మాత్రం కొత్తగా నేర్చుకున్నాడు.

తల్లీపిల్లల పాఠం రోజున టీచరుగారు బోర్డు మీద ఆవునీ దూడనీ, కోడినీ పిల్లల్నీ బొమ్మలు వేశారు. ఎవరు పెంచుతారని అడిగినప్పుడల్లా క్లాసంతా “తల్లి!” అని అరుస్తోంది. నేను లేచి నిలబడ్డాను.

“టీచర్, అమ్మ లేకపోతే పిల్లలు చచ్చిపోతాయా?”

ఆమె సుద్దముక్క బల్లమీద పెట్టారు.

“కొన్ని చచ్చిపోతాయమ్మా. అన్నీ కాదు. పదండి.”

బడి వెనక పంటకాలువలో, తూటికాడల పక్కన, చిన్న చిన్న ఎర్రటి చేపపిల్లలు గుంపుగా తిరుగుతున్నాయి. కిందనుంచి ఒక నల్లటి చేప పైకి తేలి, గుటుక్కున గాలి మింగి, మళ్ళీ వాటి కిందికే వెళ్ళిపోయింది.

“కొర్రమీను!” అన్నారు మగపిల్లలు.

“ఆ. వీటిల్లో గుడ్లకి కాపలా ఉండేది ఎక్కువగా తండ్రే. పిల్లలయ్యాక కూడా వదిలిపెట్టదు. దగ్గరికెవరొచ్చినా మీద పడుతుంది.”

“మరి తిండి తినదా టీచర్?” అని ఎవరో అడిగారు.

ఆమె జవాబు చెప్పేలోగా నేనే అనేశాను. “మా నాన్న తింటాడు. నేను తిన్నాక.”

టీచరుగారు కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తుడిచిందే మళ్ళీ తుడిచారు.

కొన్నాళ్ళకు బడిలో తల్లుల మీటింగు పెట్టారు. నాన్న కుళాయి దగ్గర కాళ్ళు కడుక్కుని గుమ్మం బయటే నిలబడిపోయాడు.

“లోపలికి రండి.”

“పర్లేదండీ టీచరుగారండీ, ఇక్కడే ఉంటానండీ. ఆడవాళ్ళ మీటింగు కదండీ.”

“ఆడవాళ్ళదని ఎవరన్నారు? పిల్లల్ని పెంచేవాళ్ళదండీ. వచ్చి ముందు కూర్చోండి.”

ముందు వరసలో ఒకావిడ జరిగి చాప మీద చోటిచ్చింది. నాన్న మోకాళ్ళు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. ఇంటికొస్తూ దారంతా, “ముందు కూర్చోమన్నారే,” అని తనలో తనే అనుకున్నాడు. ఆ తర్వాత ఒక్క మీటింగూ మానలేదు.

బందరులో ఆమెను శ్మశానానికి తీసుకెళ్ళేటప్పుడు నాన్న కూడా వెంట నడిచాడు. నేను ఆమె గదిలోకి వెళ్ళాను. కిటికీ గట్టు మీద పాత దిండొకటి ఉంది. ఓ మూల చిరిగి దూది బయటికొస్తోంది. లోపలికి తోయబోతుంటే ఆమె కోడలు ఆపింది.

“ఉంచేయండి. పైన సన్‌షేడ్ మీద ఉడుత గూడు పెట్టుకుంటోంది. కుట్టొద్దన్నారు అత్తయ్యగారు.”

ఇద్దరం గోడవారకు జరిగి నిలబడ్డాం. కాసేపటికి ఊచల మధ్యనుంచి ఉడుత దిగింది. మావైపు ఓసారి చూసి, రెండు చేతులతో దూది లాగి నోట్లో కుక్కుకుంది. బుగ్గలు రెండూ తెల్లగా ఉబ్బాక, గబగబా గోడెక్కి వెళ్ళిపోయింది.