అవ్వ చూపిన చోటు

షర్బత్తు కాచే మారేడు గడ్డ ఎక్కడ తవ్వారని మాలో ఒక ఇంటివాళ్ళు ఇంకో ఇంటివాళ్ళను అడగరు. ఉదయగిరి వెనక కొండల్లో గడ్డలు తవ్వుకుని బతికిన యానాదులం మేము. ఇంటికొక చోటుంటుంది, ఆ చోటుకొక పేరుంటుంది. కొండ దిగాక ఆ పేరు నోట పలకకూడదు. వేలు పెట్టి చూపించడం అంతకన్నా తప్పు, తీగ ఎండిపోతుందని మా నమ్మకం. గడ్డలు కొనే షర్బత్తు అంగడాయన మా అవ్వను ప్రతి ఎండాకాలం ఎక్కడివని అడిగేవాడు. "నీకెందుకు నాయనా" అని నవ్వేసేది. నన్ను మాత్రం చిన్నప్పుడే వెంట తీసుకుపోయింది. గడ్డంతా లాగకుండా తల్లి వేరు వదిలి, మట్టి కప్పి, పైన ఆకులు చల్లేది. మరుసటేడు పోతే చోటు నాకే కనిపించేది కాదు.

ఆ అవ్వ చేత వేలు పెట్టి చూపించింది నేనే.

మా కాలనీలో ఇంటర్ దాటిన మొదటి ఆడపిల్లను నేను. అడవి హక్కుల కోసం కమిటీ వేసుకున్నప్పుడు, కాగితాలు చదవగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి నన్ను సెక్రటరీని చేశారు. మేం అడిగింది ఒక్కటే. కొండవాలు మా గ్రామసభ పేర రాయాలి. అక్కడ ఎవరు తవ్వాలి, ఏ నెలల్లో తవ్వకూడదు, ఎవరికి అమ్మాలి అన్నది మేమే తేల్చుకోవాలి. అప్పటిదాకా గంపతో కొండ దిగితే చాలు, దారిలో ఫారెస్టువాళ్ళు ఆపి గంప దింపించి, సగం ఉంచుకుని పంపేవాళ్ళు. మా కొండ నుంచి మేమే దొంగల్లా దిగి దిగి విసుగెత్తిపోయింది.

మాతో మాట్లాడడానికి ఢిల్లీ నుంచి ముగ్గురు ఆఫీసర్లు ఆత్మకూరు వచ్చారు. చర్చలు మూడు విడతలు జరిగాయి. మొదటిరోజు అవ్వ అలవాటు కొద్దీ నేల మీద కూర్చోబోతే, వాళ్ళలో తెల్లజుట్టాయన లేచి వచ్చి, చేయి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ కుర్చీకే నేను పడిపోయాను. మా అవ్వకు అంతవరకూ ఏ ఆఫీసులోనూ కుర్చీ వేసినవాళ్ళు లేరు మరి. మీ కొండకు ఇకమీదట మీరే పెద్దలని ఆయన అన్నాడు. పక్కనున్న, ఆత్మకూరులోనే పనిచేసే తెలుగు ఆఫీసరు ఆ మాట మాకు తెలుగులో చెప్పాడు. బస్సులో అవ్వ కొంగుముడి విప్పి, టీతో ఇచ్చిన బిస్కెట్లు నా చేతిలో పెట్టింది. అవి తింటూ నేను ఉదయగిరి దాకా మురిసిపోతూనే వచ్చాను.

రెండో విడతలో మ్యాపు కావాలన్నారు. ఏ ఇంటివాళ్ళు ఎక్కడ తవ్వుతారో చుక్కలు పెట్టి చూపిస్తేనే ఆధారం అవుతుందట. మా పెద్దవాళ్ళు కొండ చుట్టూ ఒక గీత గీస్తామన్నారు, చుక్కలు మాత్రం పెట్టేది లేదన్నారు. గీత చాలదన్నారు ఆఫీసర్లు. మావాళ్ళు లేచి బయటికి వచ్చేశారు. అక్కడితో ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేది! వారం రోజులు గడపగడపా తిరిగి, నచ్చజెప్పి, బతిమాలి నా గొంతు పోయింది. మీ అవ్వ చూపిస్తే మేమూ చూపిస్తామన్నారు అందరూ.

"చెబితే పోతాదమ్మే," అంది అవ్వ.

"చెప్పకపోతేనే పోతాది. కాగితంలో లేంది వాళ్ళకి లేనట్టే అవ్వా."

ఆమె గడ్డపార మొనకంటిన మట్టి గీరింది. తర్వాత నా ముఖంలోకి చూసింది.

"నువ్వు చదువుకున్నదానివి. పోదని నువ్వు చెబుతుండావా?"

"పోదు," అన్నాను.

మర్నాడు పొద్దున్నే సర్వే అబ్బాయితో కొండెక్కాం. రాతిచరియ దగ్గర అవ్వ ఆగి, అరచేయి మొత్తం చాపి అటువైపు ఊపింది. అలా కాదు, సరిగ్గా చూపించమన్నాడతను. అప్పుడు వేలు చాపింది. పేరు కూడా చెప్పింది, చాలా మెల్లగా. దాన్ని నా చేత్తో, నా గుండ్రటి అక్షరాలతో మ్యాపు మీద రాశాను. సాయంత్రానికి అందరి చుక్కలూ పడ్డాయి. మూడో విడతలో ఆ మ్యాపు చూసి తెల్లజుట్టాయన తెగ మెచ్చుకున్నాడు. మాతో ఫొటో దిగాడు.

ఆ తర్వాత ఆత్మకూరు ఎన్నిసార్లు తిరిగినా ఫైలు ఢిల్లీలోనే ఉందన్నారు. చివరికి కాగితం వచ్చింది. మా సామూహిక హక్కును గుర్తించారట. ఎక్కడ? కొండ కింద, శ్మశానం పక్కన సర్కారు తుమ్మలు మొలిచిన నేల మీద. కొండవాలు గురించి వేరే పేరా ఉంది. గ్రామసభ ఇచ్చిన మ్యాపును బట్టి అక్కడ అరుదైన మొక్కలున్నట్టు తేలింది కాబట్టి, దాన్ని రక్షిత ప్రాంతం చేశారు. ఎవరూ లోపలికి పోకూడదు. ఉదయగిరి బస్టాండులో నిలబడి మూడుసార్లు చదివాను. నమ్మించి గొంతు కోయడమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

ఒళ్ళు మండి అటునుంచటే ఆత్మకూరు బస్సెక్కాను. తెల్లజుట్టాయన ఇంకో రాష్ట్రానికి మారిపోయాడట. తెలుగు ఆఫీసరు మాత్రం ఉన్నాడు.

"మీ మ్యాపు వల్లే కదమ్మా ఆ కొండ బతికింది. సంతోషించాలి," అన్నాడు.

ఇన్నాళ్ళూ దాన్ని బతికించింది ఎవరని అడిగాను. ఫోను చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ రోజు కుర్చీ వేసింది మా అవ్వకు కాదు, ఆమె వేలికని అప్పటికి గానీ నా బుర్రకెక్కలేదు.

కందకం తవ్వి, ముళ్ళకంచె వేసి, బోర్డు పెట్టారని విని అవ్వా నేనూ వెళ్ళాం. బోర్డు మీద మా మ్యాపే ఉంది, చుక్కలతో సహా. కింద రక్షిత ప్రాంతమని రాసి, దానికి మా అవ్వ చోటు పేరే పెట్టారు. కొండ దిగాక పలకకూడని పేరు అరచేయంత అక్షరాల్లో నీలం రంగులో ఉంది.

ఏం రాసుండాదని అవ్వ అడిగింది. ఆ పేరు తప్ప అంతా చదివాను. చుక్కలేందని అడిగింది. మన చోట్లన్నాను. మనదేదని అడిగితే, ఆలోచించకుండా వేలు పెట్టి చూపించాను. అవ్వ నా వేలు పట్టుకుని కిందికి దించింది. తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ తర్వాత కూడా అవ్వ కొండకు పోవడం మానలేదు. కంచెకు అవతలివైపు ఇంకెక్కడో చోటు వెతుక్కున్నట్టుంది. నేను లేవకముందే గడ్డపార తీసుకుని వెళ్ళిపోతుంది. మొన్న గంప దించితే చూశాను, గడ్డలు చిన్నవే అయినా తాజాగా ఉన్నాయి. మన ఇంటి చోటే కదా అని, ఎక్కడివి అవ్వా అని అడిగేశాను.

"నీకెందుకమ్మే," అని నవ్వి, గడ్డలు కడుక్కోవడానికి వెళ్ళింది.