ఎద్దు వెనకాల నడిచిన మనిషి

పోయిన బుధవారం పొద్దున నందిగామ బస్టాండులో జగ్గయ్యపేట బస్సు పూర్తిగా ఆగకముందే కండక్టరు ఫుట్‌బోర్డు మీద నుంచి నన్ను కేకేశాడు. "పంతులుగారూ, మీ పేట బందెలదొడ్డి పెద్దాయన పోయాడండి. నిన్న సాయంత్రం మట్టి చేసేశారు. మీకు కబురందలేదా?" అని, నా జవాబు కోసం చూడకుండా టాపు మీది మూటలు దించే పనిలో పడ్డాడు. బడికి వెళ్లాల్సినవాణ్ణి, పక్కన నిలబడ్డ మా బడి పిల్లవాడి తండ్రితో హెడ్మాస్టరుగారికి చెప్పమని చెప్పి, అదే బస్సు తిరుగు ప్రయాణంలో ఎక్కి కూర్చున్నాను.

ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. దాచాలని కాదు. జగ్గయ్యపేటలో ఆయన్ని పేరు పెట్టి పిలిచినవాళ్లను నేను చూడలేదు. చర్చి పుస్తకంలో ఉండే ఉంటుంది. ఊరికి మాత్రం ఆయన దొడ్డి పెద్దాయన. ఆ 'పెద్దాయన' కూడా తల నెరిశాక ఊరు దయతలచి ఇచ్చిన మాటే. అంతకుముందు మా ఇళ్లల్లో మీసాలు రాని కుర్రాళ్లు కూడా "ఒరేయ్ దొడ్డోడా" అనేవాళ్లు. నేనూ అన్నాను. ఆయన అందరినీ "బాబుగారూ" అనే పిలిచాడు.

బందెలదొడ్డి సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. చేలో పడి మేసిన గొడ్డును ఆ చేనువాళ్లు తోలుకొచ్చి దొడ్లో పెట్టిస్తారు. సొంతదారు వచ్చి బందె అనే జరిమానా కట్టి విడిపించుకుపోవాలి. గడువులోగా ఎవరూ రాకపోతే పంచాయతీవాళ్లు వేలంపాట పెడతారు. పాలిచ్చే గేదె అయితే రైతే పాడుకుంటాడు. ముసలి ఎద్దును ఎవరు పాడుకుంటారో, ఎక్కడికి తోలుకుపోతారో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. మనిషి తల ఎత్తు మట్టిగోడ, ఒక కర్ర తలుపు, మూలన ఒక రాతి తొట్టి. పేటలో దొడ్డి అంటే అంతే. దాని ఎదురుగా ఆయన పాక.

పంచాయతీ ఇచ్చే గడ్డి రెండు గొడ్లకు చాలేది కాదు. దొడ్లో ఎప్పుడూ అరడజను ఉండేవి. అందుకని ఆయన తెల్లారుజామునే హైదరాబాదు రోడ్డెక్కి, వరిగడ్డి బళ్లు వెళ్లిన దారంతా నడిచి, రాలిన గడ్డి ఏరుకొచ్చేవాడు. కూరల అంగళ్ల ముందు పారేసిన క్యాబేజీ ఆకులు, ముల్లంగి ఆకులు గోనెలో వేసుకొచ్చేవాడు. ఆదివారం చర్చికి తెల్ల చొక్కా వేసుకున్నాక కూడా ముందు దొడ్డికి వచ్చి, నీళ్లు తోడిపోసి, చొక్కా తడుపుకుని అలాగే ప్రార్థనకు వెళ్లేవాడు. కాగితాల ప్రకారం దొడ్లోకి కుక్కలు రాకూడదు. కానీ లారీల కింద పడి కాళ్లు విరిగిన కుక్కలు రెండో మూడో ఎప్పుడూ ఆయన పాక వసారాలో ఉండేవి. పంచాయతీ గుమాస్తా అడిగితే, "అవి దొడ్లో లేవండి, మా ఇంటో ఉన్నాయండి" అనేవాడు.

కర్ర పట్టుకోగా నేను చూడలేదు. తలుపు తీసేముందు గట్టిగా దగ్గేవాడు. ఎందుకని ఒకసారి అడిగాను. "గొడ్డయినా సరే బాబుగారూ, వస్తన్నామని చెప్పి రావాలండి. బెదిరిపోద్ది." ఇంకో మాట కూడా అనేవాడు: "తప్పు చేసిన గొడ్డు నా దొడ్డికి ఒక్కటీ రాలేదండి. ఆకలేసిన గొడ్లే వచ్చినయ్."

పేటంతా ఆయనకు భయపడింది మాత్రం వేరే పనికి. పాట రేపనగా, ఎవరూ విడిపించుకోని గొడ్డును ఆయన బయటికి వదిలి, మెడకు పలుపుతాడైనా వేయకుండా, దాని వెనకాల పది అడుగుల దూరంలో నడిచేవాడు. తోలేవాడు కాదు, అదిలించేవాడు కాదు. అది ఎటు తిరిగితే అటు. గొడ్డు ఊరంతా తిరిగి తిరిగి చివరికి ఏదో ఒక ఇంటి ముందు ఆగేది. ఆయనా ఆగేవాడు. తలుపు తట్టడు, పిలవడు. తువాలు భుజాన వేసుకుని ఊరికే నిలబడేవాడు. వీధివాళ్లంతా అరుగుల మీదకొచ్చి చూసేవాళ్లు. ఒకసారి, ఊళ్లో దిక్కులేని గొడ్లు ఎక్కువైపోయాయని పంచాయతీ మీటింగులో బల్ల గుద్ది మాట్లాడిన మోతుబరి ఇంటి ముందే మర్నాడొక ముసలి గేదె వెళ్లి ఆగింది. ఆగడమే కాదు, గుమ్మంలో పేడ వేసి మరీ నిలబడింది. మేమంతా వారం రోజులు నవ్వుకున్నాం. ఆ మోతుబరి మాత్రం నోరు మూసుకుని గేదెను లోపల కట్టేసుకున్నాడు. పెద్దాయన నవ్వలేదు. "దాని ఇల్లు అది చూసుకుందండి, నాదేముంది" అన్నాడు.

నేను కూడా నవ్వానని ఒప్పుకోవాలి. రెండేళ్లు తిరక్కుండానే ఆ నడక మా వీధికి వచ్చింది.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజులవి. మా నాన్న పోయాడు. నేను పేటలోనే బడిపంతుల్ని. సేద్యం నా వల్ల కాదని పొలం కౌలుకిచ్చాను. ఎడ్లజతలో చిన్నదాన్ని కౌలుదారే కొనుక్కున్నాడు. రెండోది బూడిదరంగు మైలెద్దు. నాన్న చేతుల మీద పెరిగింది, పన్నెండేళ్లు కాడి మోసింది. మెడ మీద కాయ కాసి, మోకాళ్లు వంగని వయసుకొచ్చింది. దాన్ని ఎవరూ అడగలేదు. ఆ ఏడు వానలు లేవు, గడ్డి కొనాల్సి వచ్చింది. పని చెయ్యని ఎద్దుకు గడ్డి కొనడమేమిటని నాకు లోపల రోజూ గుర్రుగా ఉండేది. మా అమ్మకు అప్పటికే చూపు మందగించింది. అయినా పొద్దున్నే తడుముకుంటూ వెళ్లి దానికి కుడితి కలిపేది.

మా వైపు దేవుడి పేరు చెప్పి కోడెను వదిలే ఆచారం ఉంది. మొక్కుకుని, పసుపు రాసి, మంచి వయసులో ఉన్నదాన్ని వదులుతారు. నేను ఆ ఆచారాన్ని అడ్డం పెట్టుకున్నాను. "వేదాద్రి స్వామికి వదిలేద్దామమ్మా" అన్నాను. "స్వామికి పనికొచ్చేదాన్ని ఇస్తార్రా, పనికిరానిదాన్నా?" అని మాత్రం అంది అమ్మ. మర్నాడు దాన్ని వేదాద్రి దాకా నడిపించుకెళ్లి, కృష్ణ ఒడ్డున పలుపు విప్పి, ఆ పలుపు చుట్ట చుట్టి చంకలో పెట్టుకుని వెనక్కి తిరిగాను. గుడి మెట్లు కూడా ఎక్కలేదు. ఇంటికొచ్చి, పూజారిగారికి అప్పజెప్పానని చెప్పాను.

అది నాలుగు రోజుల్లో ఎవరి మిరపతోటలోనో పడింది. వాళ్లు పేట దొడ్డికి తోలుకొచ్చారు. నాకు కబురు తెలిసింది. వెళ్లలేదు. గడువు దాటితే దాని పాట్లు అది పడుతుందని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆదివారం. చర్చి అయిపోయిన వేళ. పై వీధిలో గోల వినపడగానే నాకు అర్థమైంది. లోపలికి వచ్చి తలుపు గడియ పెట్టాను. కాసేపటికి గుమ్మం దగ్గర బరువైన అడుగులు ఆగాయి. ద్వారబంధానికి మెడ రాసుకోవడం దాని అలవాటు. ఆ రాపిడికి తలుపు చిన్నగా కదిలింది.

అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. "ఒరే నాయనా, మైలోడి అలికిడిరా అది."

"కాదమ్మా. ఎవరిదో పోయే గొడ్డు."

"నాకు కళ్లే పోయినయ్ గానీ చెవులు పోలేదురా."

"స్వామికిచ్చాం కదమ్మా. పడుకో."

అమ్మ పడుకోలేదు. నేను తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. నా వీపుకు, దాని మెడకు మధ్య ఉన్నది ఒక చెక్క. ఎంతసేపు అలా ఉన్నానో చెప్పలేను. బయట వీధంతా మాటలు మానేసి చూస్తోంది. చివరికి ఆయన గొంతు వినపడింది. ఎప్పుడూ మెల్లగా మాట్లాడే మనిషి, ఆ రోజు వీధి చివరిదాకా వినపడేలా అన్నాడు: "ఊళ్లో లేరనుకుంటానయ్యా. రా, పోదాం."

వాళ్లు వెళ్లిపోయాక ఎండ తగ్గేదాకా ఆగి తలుపు తీశాను. అరుగు కింద, అందరికీ కనపడేలా, నా చెప్పుల జత ఉంది. కంగారులో లోపల పెట్టుకోవడం మరిచిపోయాను. పేటలో కిర్రుచెప్పులు తొడిగేది ముగ్గురో నలుగురో. అవి ఎవరివో ఆయనకు తెలియకపోవడం జరగని పని. ఆ చెప్పులకు ఎదురుగా, ఆ ఎద్దు పక్కన నిలబడి, వీధంతా వింటుండగా ఆయన నేను ఊళ్లో లేనన్నాడు. మోతుబరికి చెయ్యని మేలు నాకెందుకు చేశాడో ఇప్పటికీ తెలియదు. లోపలి నుంచి మా అమ్మ గొంతు ఆయనకు వినపడి ఉంటుందని అనుకుంటాను.

మైలెద్దును ఎవరు పాడుకున్నారో నేను అడగలేదు. అడిగే మొహం లేదు. అమ్మ ఆ తర్వాత దాని ఊసెత్తలేదు, నన్ను ఒక్క మాటా అనలేదు. రోజూ పొద్దున్నే కుడితి మాత్రం కలిపి ఖాళీ కొట్టంలో పెట్టేది. సాయంత్రం తనే పారబోసేది. చలికాలంలో ఆమె పోయేదాకా ఇది సాగింది. తిట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

నాకు నందిగామ బదిలీ అయిన ఏడు, వెళ్లేముందు ఒక సాయంత్రం దొడ్డికి వెళ్లాను. పాటలో పోబోయే గొడ్డు ఏదైనా ఉంటే పెంచుకుంటానన్నాను. గొడ్డును పెంచుకోనిచ్చే ముందు ఆయన అడిగే ప్రశ్న అందరికీ ఒకటే.

"పలుపు తెచ్చుకున్నారా బాబుగారూ?"

దొడ్డి పలుపుతో ఏ గొడ్డునూ పంపేవాడు కాదు. "మీ ఇంటి పలుపు మెడలో పడితేనే మీదవుద్దండి" అనేవాడు. నేను చంకలోంచి పలుపు తీశాను. మైలెద్దుదే. ఆయన దాన్ని చేతుల్లోకి తీసుకుని, వేళ్ల మధ్య కొసదాకా జార్చి చూశాడు.

"పాతదే. మెత్తబడిందండి. మెడ కొయ్యదు" అన్నాడు.

ఒక కొమ్ము విరిగిన ముసలి ఆవును చూపించాడు. పాల సంగతి నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. పలుపు వేస్తుంటే చెప్పేయాలనుకున్నాను. "పెద్దాయనా, ఆ రోజు నేను..." అన్నాను.

ఆయన నా కాళ్ల వంక చూశాడు. "చెప్పులు బయట వదలమాకండి బాబుగారూ. ఇక్కడ కుక్కలున్నయ్, ఎత్తుకుపోతాయ్" అన్నాడు. అని, ఆవు వీపు మీద రెండుసార్లు తట్టి, దగ్గి, తలుపు తీశాడు. ఆయన నన్ను చెప్పనివ్వలేదనుకుని ఆ రోజు హాయిగా ఊపిరి పీల్చుకున్నాను కూడా. ఇన్నేళ్లొచ్చాక తెలుస్తోంది, ఆ చెప్పుల మాటతో ఆయన నాకు తోవ చూపించాడు. ఆ పూట నేను నడవలేదు.

ఆ తర్వాత పేటకు ఎప్పుడు వెళ్లినా దొడ్డి మీదుగానే వెళ్లేవాణ్ణి. ఒక గోనెడు తవుడో, రెండు మోపుల జొన్నచొప్పో దించేవాణ్ణి. ఇంకో రెండు గొడ్లను నందిగామ తెచ్చుకున్నాను. తోటి పంతుళ్లు నన్ను బందెలదొడ్డి మేష్టారని ఆట పట్టించారు. ఆయన ప్రతిసారీ "ఆవు బాగుందా అండి" అని అడిగేవాడు. బాగుందనేవాణ్ణి. ఈసారి కూర్చుని చెప్పాలి అనుకునేవాణ్ణి. బస్సుకు టైమయ్యేది. తప్పు ఒప్పుకోవడానికి వెళ్లే మనిషికి బస్సు టైము ఎంత బాగా గుర్తుంటుందో నన్ను అడగండి.

బుధవారం నేను దిగేసరికి పది దాటింది. కంచికచర్ల నుంచి వచ్చిన ఆయన బంధువులు చర్చిలో ప్రార్థన దగ్గరున్నారు. దొడ్డి దగ్గర పంచాయతీ గుమాస్తా ఒక్కడే తాళంచెవి పట్టుకుని నిలబడ్డాడు. రెండు రోజులుగా గొడ్లకు సరిగ్గా నీళ్లు లేవట. గొడ్లతో ఎలా మెలగాలో తనకు తెలియదట. "మీకలవాటు గదండీ పంతులుగారూ, కాస్త చూడండి" అన్నాడు. నేను తలుపు దగ్గర నిలబడి, ముందు దగ్గాను. లోపల గొడ్లన్నీ తలలెత్తాయి. ఎవరి కోసం ఎత్తాయో నాకు తెలుసు. తలుపు తీశాక నన్ను చూసి, ఒక్కొక్కటే మళ్లీ దించేశాయి.

నీళ్లు తోడుతుండగా ఒక ముసలి ఎర్రావు నన్ను దాటుకుని బయటికి నడిచింది. అది వచ్చి ఎనిమిది నెలలైందని, దాని పాట ఏదో ఒక వంకతో పెద్దాయన వాయిదా వేయిస్తూ వచ్చాడని గుమాస్తా చెప్పాడు. పట్టుకోబోయిన అతణ్ణి నేను ఆపాను. భుజాన, బస్సు దిగి బజారులో కొని తెచ్చిన పలుపు ఉంది. వేయలేదు. దాని వెనకాల పది అడుగుల దూరంలో నడిచాను.

ఎక్కువ దూరం వెళ్లలేదు అది. రోడ్డు దాటి, పాక ముందు ఆగింది. తడిక తలుపు వేసి ఉంది. తలుపు పక్కన, టైరు ముక్కతో కుట్టిన ఆయన చెప్పులు, ఎవరూ తీయలేదు కాబోలు, విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. ఆవు వాటిని వాసన చూసి, తల ఎత్తి, తలుపు వంక చూస్తూ నిలబడింది. వసారాలో కుంటికుక్క లేచి దాని పక్కకు వచ్చి కూర్చుంది.

వీధిలో మనుషులు చూస్తున్నారు. నేనేదో ఒకటి అనాలి. నాకు తెలిసింది ఒక్క మాటే. "ఊళ్లో లేరనుకుంటానమ్మా. రా, పోదాం" అన్నాను. గొంతు వీధి చివరిదాకా కాదు కదా, ఆవు దాకా అయినా వెళ్లిందో లేదో.

అది కదల్లేదు. మెడ వంచి ద్వారబంధానికి ఒకసారి రాసుకుని, మళ్లీ అలాగే నిలబడింది.