నల్ల ద్రౌపది

దీపం వెలిగిస్తే వాసన ఎందుకొస్తోందని పూణే నుంచి ఫోన్లో అడిగావు కదా శ్రుతీ, అది మేక తోలమ్మా, బల్బు వేడికి అలాగే వస్తుంది. నాలుగు రోజుల్లో పోతుందిలే. నీకు పంపిన ల్యాంప్‌షేడ్ లాంటిదే ఇంకొకటి నిన్న ఇక్కడ వెలిగించి చూశాను. ఆ వెచ్చటి వాసనకు మా పెద్దమ్మ సుంకమ్మ వచ్చి పక్కన కూర్చున్నట్టే అయింది. నువ్వూ తమ్ముడూ నా కడుపున పడకముందే ఆమె పోయింది.

ఆమె మా నాయనకు వదిన. ధర్మవరం దగ్గర మాది తోలుబొమ్మలాడించే ఊరు. తెర వెనక ఆడ గొంతులన్నీ ఆమెవే. సీతకు ఏడ్చేదీ ఆమే, శూర్పణఖకు నవ్వేదీ ఆమే. పగలు తోలు మీద బొమ్మలు కొట్టి రంగులు వేసేది. మా అమ్మ లేదు కాబట్టి నేను ఆమె మోకాలి పక్కనే పెరిగాను. తోలు ముక్కా చిన్న ఉలీ చేతికిచ్చి బెజ్జాలు కొట్టమనేది. కొట్టిన ముక్కను ఎండకు పట్టి చూసేది. బాగుందనీ అనేది కాదు, బాగాలేదనీ అనేది కాదు. ఇంకో ముక్క ఇచ్చేది. ఒక్క బొమ్మ మొత్తం నన్ను చేయనివ్వమని ఎంత బతిమాలానో.

డెబ్బైల్లో ఒక కరువు ఏడు. టూరింగ్ టాకీసులు వచ్చి అప్పటికే మా ఆటలు తగ్గాయి. నాయన నన్ను కరువు పనికి, రోడ్డు మీద రాళ్లు మోయడానికి పంపుతానన్నాడు. అంతలో వాన కోసం విరాటపర్వం ఆడమని పక్క ఊరివాళ్లు పిలిచారు. మా ద్రౌపది బొమ్మ మెడ దగ్గర చిరిగి ఉంది. ఇంట్లో ఉన్నది ఒక్కటే తోలు. పెద్దమ్మ దాన్ని నా ముందు పరిచి నాయనతో అంది:

"ఈ పిల్లను చేయనీప్పా. రాకపోతే నేనే గంప ఎత్తించి పంపిస్తా."

గీశాను, కొట్టాను. రంగుల దగ్గరకొచ్చేసరికి మా పలచటి రంగులు వెలవెలబోతున్నట్టు అనిపించింది. లారీలకు పేర్లు రాసే ఆయన దగ్గర మిగిలిన ఎర్ర పెయింటు అడిగి తెచ్చి చీరంతా దట్టంగా పూశాను. చేతిలో పట్టుకుంటే పెళ్లికూతురిలా మెరిసింది. పెద్దమ్మ వేలితో తాకి, వాసన చూసి, "ఆరనీ" అని మాత్రం అంది.

ఆట రోజు మధ్యాహ్నం ఆమె గుమ్మానికి తెల్ల పంచె కట్టి, బయట ఎండలో నిలబడి బొమ్మను దానికి ఆనించి పట్టుకుంది. మేము లోపల చీకట్లో కూర్చుని చూశాం. బొమ్మ రంగులోంచి వెలుతురు రావాలి. ఆ పెయింటులోంచి చుక్క కూడా రాలేదు. ముఖం ఒక్కటే వెలిగింది. మెడ కింద అంతా నల్లటి ముద్ద.

"ఏమ్మే, ద్రౌపదా ఇది, దున్నపోతా?" అన్నాడు పెద్దమ్మ కొడుకు ఓబులేసు. నాయన నవ్వలేదు. రేపటి నుంచి పనికి పొమ్మన్నాడు.

పెద్దమ్మ లోపలికొచ్చి ఉలి నా ఒళ్లో పెట్టింది.

"సీకటి బాగానే ఉండాది. ఎలుతురు యాడ కావాల్నో ఆడ కొట్టు."

అంచంతా బెజ్జాలు కొట్టాను, కుచ్చిళ్లంతా కొట్టాను. ఆమె ఎండలో పట్టుకుంటే నేను లోపల నుంచి చూసి మళ్లీ కొట్టేదాన్ని. పొద్దు వాలేసరికి నల్లటి చీర మీద జొన్నలు చల్లినట్టు వెలుగు చుక్కలు. విరాటుని కొలువులో ద్రౌపది తానెవరో చెప్పుకోకుండా దాసిగా బతుకుతుంది కదా. పెద్దమ్మ బొమ్మను నా చేతికిచ్చి, తను లోపలికి వెళ్లి చూసింది.

"దాంకోని బతికే ఆడది. ఇట్లనే ఉంటాది."

నాయన వెదురుబద్ద తెచ్చి బొమ్మకు తనే కట్టాడు.

వాన పడిందా అని అడుగుతావు. పడలేదు. కానీ ఆ ఆట చూసిన ఇంకో ఊరివాళ్లు నల్ల ద్రౌపదిని తెమ్మని కబురంపారు. నేను రాళ్ల పనికి పోలేదు.

ఎనభైల్లో ఆమె పోయేదాకా ఇద్దరం పక్కపక్కనే కూర్చుని బొమ్మలు చేశాం. ఇప్పటికీ రంగు ముట్టుకునే ముందు వెలుతురు ఎక్కడి నుంచి రావాలో చూసుకుంటాను. చెడిపోయిందనుకున్న తోలును పారేయను. ఒక్క మాట మాత్రం అడగకుండానే ఉండిపోయాను. ఆ పెయింటును ఎండ దాటలేదని వేలు పెట్టగానే ఆమెకు తెలిసే ఉండాలి. నాకు నేర్పడానికే ఊరుకున్నావా పెద్దమ్మా, లేక తెర మీద అది ఎట్లుంటుందో నువ్వూ చూడాలనుకున్నావా?